నలుగురు ఇల్లాళ్ళు, నూట నలభై విస్తళ్ళు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



చరిత్ర అనేసరికి మనలో చాలామందికి బడిలో బట్టీపట్టిన తేదీలే గుర్తుకొస్తాయి. ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడు, ఏ యుద్ధంలో ఎవరు గెలిచారు, ఏ కోట ఎవరు కట్టించారు, ఇవే. ఆ కోటలో అన్నం వండిందెవరు, ఆ సైన్యం బట్టలు ఉతికిందెవరు, ఆ యుద్ధం జరుగుతున్నంతకాలం ఇంట్లో పసిపిల్లలకి పాలు ఎక్కడినుంచి వచ్చాయి అన్న ప్రశ్నలు ఏ పరీక్షలోనూ రాలేదు. మనమూ అడగలేదు. సరిగ్గా ఇలాంటి ప్రశ్నలు అడగడానికే ఒక ఊరికి ఊరే కట్టిపెట్టిన చోటు ఒకటుంది. దాన్ని గురించే ఈవేళ మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని.

అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి దక్షిణంగా సుమారు నలభై మైళ్ళ దూరంలో, సముద్రం ఒడ్డున ప్లిమత్ అనే చిన్న పట్టణం ఉంది. 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ అనే ఓడలో వచ్చిన జనం ఇల్లూ వాకిలీ కట్టుకుని నిలిచిన చోటు అది. ఆ పాత ఊరు ఇప్పటి పట్టణం కిందే కలిసిపోయింది. అందుకని అక్కడికి రెండున్నర మైళ్ళ అవతల, ఈల్ నది పక్కన, ఆనాటి ఊరిని మళ్ళీ కట్టారు. హెన్రీ హార్న్‌బ్లోయర్ అనే ఆయన 1947లో స్థాపించిన సంస్థ అది. చాలాకాలం దాన్ని ప్లిమత్ ప్లాంటేషన్ అన్నారు. 2020 నుంచి ప్లిమత్ పటక్సెట్ అంటున్నారు. ఆ రెండో పేరు ఎందుకు చేర్చారో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

బోస్టన్ దగ్గర ఉంటున్న మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఆ ఊరు చూసే అవకాశం వచ్చింది. పార్కు అనేసరికి పూలమొక్కలూ, ఉయ్యాలలూ, సిమెంటు బల్లలూ ఊహించుకోకండి. ఊరి చుట్టూ ఎత్తైన దుంగల కంచె. దాన్ని దాటి లోపలికి వెళితే మట్టివీధి, వీధికి రెండు వైపులా రెల్లుకప్పు ఇళ్ళు. దూరం నుంచి చూస్తే మన కోస్తా పల్లెల్లోని పాకల్లాగే ఉన్నాయి. పై చివర గుట్ట మీద ఫిరంగులు పెట్టిన చదరపు కట్టడం. అదే వాళ్ళకి కోటా, అదే ప్రార్థనమందిరమూను. కింది చివర కనుచూపుమేరా సముద్రం.

ఆ వీధిలో ఎప్పుడూ 1627వ సంవత్సరమే! అక్కడ పనిచేసేవాళ్ళు ఆనాటి బట్టలు కట్టుకుని, ఆనాటి ఇంగ్లీషు యాసలో మాట్లాడుతూ, అప్పటి మనుషుల్లాగే ఉంటారు. టెలిఫోను సంగతి ఎత్తితే, అదేమిటన్నట్టు చూస్తారు. మొదట్లో ఇళ్ళలో మైనపు బొమ్మలూ, పాతకాలపు ఖరీదైన సామానూ పెట్టి, దూరంనుంచి చూసిపొమ్మనేవారట. 1960ల చివర్లో అక్కడికి వచ్చిన జేమ్స్ డీట్జ్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ బొమ్మలన్నీ తీయించేశారు. ఇల్లన్నాక పొయ్యి రాజెయ్యాలి, కుండ మసిబారాలి, కోళ్ళు తిరగాలి అన్నది ఆయన వాదం. 1978 నుంచి ఈ మనుషులు అప్పటివాళ్ళలాగే మాట్లాడే పద్ధతి వచ్చింది.

అన్ని సంవత్సరాలుండగా 1627నే ఎందుకు పట్టుకున్నారు? దానికి కారణం ఆవులు. ఊరివాళ్ళకి మొదటి మూడేళ్ళూ ఒక్క ఆవు కూడా లేదు. 1624లో మూడు పెయ్యలూ ఒక ఎద్దూ ఓడలో వచ్చాయి. మరికొన్ని తరవాత వచ్చాయి. 1627లో ఆ పశువుల్ని ఊరంతా పంచుకున్నారు. మనుషుల్ని పదముగ్గురు చొప్పున పన్నెండు వంతులు చేసి, వంతుకి ఇన్ని అని పశువుల్నీ మేకల్నీ ఇచ్చారు. ఆ పంపకం కాగితంలో పేరుపేరునా నూట యాభై ఆరుమంది ఉన్నారు. ఆడవాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు. పిల్లకి పాలు కావాలి కాబట్టి పిల్ల పేరు రాయక తప్పలేదు. అదే సంవత్సరం ఒక డచ్చి వర్తకుడు ఆ ఊరు చూసి వెళ్ళి, వీధి ఎలా ఉందో, కంచె ఎలా ఉందో ఉత్తరంలో రాశాడు. ఈ రెండు కాగితాలూ కలిపితే ఊరి రూపం దొరికింది. మహావీరుల కథల్లో దొరకని ఆడవాళ్ళ పేర్లు పాలచుక్క పంచుకునే లెక్కలో దొరికాయి, చూడండి!

అసలు ఆ ఆడవాళ్ళ కథ ఓడ నుంచే మొదలవుతుంది. మేఫ్లవర్‌లో నూట రెండుమంది ప్రయాణికులు వచ్చారు. తమ మతాచారం తమకి నచ్చినట్టు జరుపుకోవాలని హాలెండుకి వలసపోయి, అక్కడినుంచి బయల్దేరినవాళ్ళు కొందరు. పొట్టకూటికోసం వచ్చినవాళ్ళు కొందరు. సముద్రం మీద అరవై ఆరు రోజులు. పెళ్ళయిన ఆడవాళ్ళు పద్ధెనిమిదిమంది, అందులో ముగ్గురు నిండు గర్భిణులు. ఎలిజబెత్ హాప్కిన్స్ అనే ఆవిడ నడిసముద్రంలో ప్రసవించి, ఆ మగపిల్లవాడికి ఓషియానస్ అని పేరు పెట్టుకుంది. సముద్రంలో పుట్టినవాడని. సుసానా వైట్ ఓడ లంగరేశాక కన్నది. మూడో ఆవిడ మేరీ ఆలర్టన్‌కి బిడ్డ చనిపోయి పుట్టింది, రెండు నెలలకి ఆవిడా పోయింది. ఆ ఓడ నమూనాని ఇంగ్లండులో కట్టి, 1957లో సముద్రం దాటించి తెచ్చి ఈ సంస్థకి ఇచ్చారు. అందులోకి దిగి చూశాను. ప్రయాణికులున్న ఆ మధ్య అరలో ఎత్తరి మనిషి తల వంచుకునే నడవాలి. కిటికీ లేదు, చాటు లేదు. అక్కడ పురుడు పోసుకోవడమంటే ఏమిటో నేను మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఓడ కేప్‌కాడ్ అనే చోట ఆగాక, వచ్చిన సోమవారం, అంటే ఆనాటి లెక్కన 1620 నవంబరు 13న ఆడవాళ్ళు ఒడ్డుకు దిగారు. దిగి ఏం చేశారనుకున్నారు? బట్టలుతికారు! రెండు నెలలపైన ఉతుకు లేని బట్టలు. మగవాళ్ళు రాసిన ఆ తొలి వృత్తాంతంలోనే, ఆడవాళ్ళకి ఆ అవసరం ఎంతో ఉందని ఒక ముక్క రాశారు. కొత్తఖండంలో ఆ ఆడవాళ్ళు చేసిన మొదటి పనిగా చరిత్రకెక్కింది చాకిరేవు పెట్టడం! నవంబరు చలి, చల్లటి నీళ్ళు, మూటల కొద్దీ బట్టలు. జెండా పాతారనో, ఒప్పందం మీద సంతకాలు చేశారనో పుస్తకాలు చెప్పే మాట నిజమే. సంతకాలు నలభై ఒకటి పడ్డాయి, అన్నీ మగవాళ్ళవే.

ఆ రోజుల్లోనే మరో పని కూడా జరిగింది. ఒడ్డు వెంట వెతుకుతూ వెళ్ళిన మగవాళ్ళకి ఇసుకదిబ్బలో ధాన్యపు పాతర కనిపించింది. మన ఊళ్ళలో జొన్నలు పాతరేసేవాళ్ళు చూడండి, అలాంటిదే. బుట్టల్లో పోసి, మట్టి కప్పి దాచిన మొక్కజొన్న. ఎవరిదో తెలియదు, అడగడానికి ఎవరూ కనిపించలేదు. విత్తనానికి పనికొస్తుందని తవ్వి తీసుకున్నారు. తరవాత కొన్ని నెలలకి ఆ సొంతదారులకి దాని విలువ చెల్లించామని రాసుకున్నారు. చెల్లిస్తే చెల్లించారు గాని, ఆ చలికాలం ఆ పాతర తెరిచిన ఇల్లాలికి ఏం కనిపించి ఉంటుంది? విత్తనాల బుట్టకి వెల కట్టడం ఇల్లు నడిపేవాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆ చలికాలం ఘోరంగా గడిచింది. డిసెంబరులో ప్లిమత్ చేరి ఇళ్ళు కట్టడం మొదలుపెట్టారు. చలి, తడి, తిండి చాలకపోవడం, జబ్బులు. ఒక్కోరోజు ఇద్దరు ముగ్గురు చొప్పున పోయేవారట. వేసవి వచ్చేసరికి సగంమంది లేరు. అందరికంటే ఎక్కువ పోయింది పెళ్ళయిన ఆడవాళ్ళే. పద్ధెనిమిదిమందిలో 1621 కోతలనాటికి మిగిలింది నలుగురు. మేరీ బ్రూస్టర్, ఎలియనోర్ బిల్లింగ్టన్, ఇందాక చెప్పిన ఎలిజబెత్ హాప్కిన్స్, సుసానా వైట్. అందులో సుసానా భర్త ఫిబ్రవరిలో పోతే, మార్చిలో భార్య పోయిన ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన్ని మే నెలలో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ ఊళ్ళో జరిగిన మొదటి పెళ్ళి అదే. చంకన నెలల పిల్లాడు, పక్కన అయిదేళ్ళ పెద్దవాడు, చుట్టూ అడవి. మనవాళ్ళెవరైనా, ఇంత తొందరేమిటమ్మా అని ముక్కున వేలేసుకుంటే ఆ పరిస్థితి ఒక్కసారి తలుచుకోమనాలి.

ఇప్పుడు విందు సంగతి. అమెరికాలో ప్రతి నవంబరులోనూ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ చేసుకుంటారని మీరు వినే ఉంటారు. పిల్లలు అక్కడ ఉంటున్నవాళ్ళు చూసి కూడా ఉంటారు. దానికి మూలమని చెప్పుకునే విందు ఇక్కడే జరిగింది, 1621 శరదృతువులో. ఆ విందు గురించి విన్‌స్లో తన ఉత్తరంలో కొద్ది వాక్యాలు రాశాడు. నలుగురు మగవాళ్ళు వేటకి వెళ్ళి పక్షుల్ని కొట్టుకొచ్చారట. అక్కడి దేశీయుల నాయకుడు మాసాసోయిట్ తొంభైమంది మనుషులతో వచ్చాడట. వాళ్ళు అయిదు జింకల్ని తెచ్చారట. మూడు రోజులు ఆరగించారట. అంతే. ఇటు యాభైమంది, అటు తొంభైమంది. నూట నలభై విస్తళ్ళు, మూడు రోజులు. వండింది ఎవరో ఆ ఉత్తరంలో ఒక్క మాట లేదు!

పెద్దవాళ్ళు నలుగురే. సాయానికి పదమూడేళ్ళ పిల్లలు, పద్ధెనిమిదేళ్ళ పిల్లలు కొందరున్నారు. మేరీ చిల్టన్, ఎలిజబెత్ టిల్లీ, ప్రిసిల్లా మల్లిన్స్ మొదలైనవాళ్ళు. ఈ ముగ్గురూ ఆ చలికాలం తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నవాళ్ళే. పక్షుల ఈకలు పీకి, శుభ్రం చేసి, నీళ్ళు మోసి, కట్టెలు ఎగదోసి, మొక్కజొన్న దంచి... పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు రానినాడు మన పరిస్థితి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఆ మూడు రోజుల సంగతి ఊహించుకోగలరు. ఆ పండగని దేశమంతా ఒకేరోజు చెయ్యాలని ఏళ్ళ తరబడి అధికారులకి ఉత్తరాలు రాసి, చివరికి 1863లో అధ్యక్షుడు లింకన్ చేత ప్రకటింపజేసినది కూడా ఆడమనిషే. సారా హేల్ అనే ఆవిడ, ఒక మహిళా పత్రిక సంపాదకురాలు. ఈ సంగతి ఒక మహిళా పత్రికలో చెప్పుకోవడం మనకి సంతోషమే కదండీ!

నేను వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో వంట జరుగుతోంది. ఒకటే గది. నేలంతా మట్టి. కర్రలు పాతి, తడిక అల్లి, మట్టి మెత్తిన గోడలు, బయటవైపు చెక్కలు బిగించారు. ఓ మూల పెద్ద పొయ్యి, దాని మీద కొక్కేనికి వేలాడే ఇనపకుండ. మంచం, భోషాణం, రెండు పీటలు. ఇంట్లో ఎటు చూసినా పొగ. పై కప్పు గడ్డిది కావడంతో నిప్పంటే ఎప్పుడూ భయమే. 1623లో చలికి పెద్ద మంట వేస్తే పొగగూట్లోంచి నిప్పురవ్వలు కప్పుకి అంటుకుని మూడు నాలుగు ఇళ్ళు కాలిపోయాయి. తాటాకిళ్ళ ఊళ్ళలో పుట్టిపెరిగినవాళ్ళకి ఈ భయం తెలుసు.

కుండలో మొక్కజొన్న సంకటి ఉడుకుతోంది. ఇంగ్లండులో గోధుమలూ బార్లీ తిన్నవాళ్ళకి ఇక్కడ మొక్కజొన్నే దిక్కయింది. దాన్ని రోట్లో వేసి దంచాలి, జల్లించాలి, గంటలకొద్దీ ఉడికించాలి. ఊరికి నీటితో తిరిగే పిండిమర 1636లో గాని రాలేదు. అంటే పదిహేనేళ్ళు ఆ ఊరంతా చేతికష్టంతోనే పిండి తిన్నదన్నమాట. ఆ మరని కూడా పట్టణంలో పాతచోటే మళ్ళీ కట్టారు. ఇప్పటికీ అందులో పిండి విసురుతారు. దాన్ని చూసి మా చెల్లెలు, “అక్కా, మన అమ్మమ్మ తిరగలి ఏమైందే?” అంది. ఏమైందో ఇద్దరికీ తెలియదు.

ఆ ఇంట్లో వంట చేస్తున్న ఆవిడతో కాసేపు మాట్లాడాను. ఎక్కడినుంచి వచ్చారని అడిగింది. తూర్పు ఇండియా నుంచని చెప్పాను, ఆ కాలంలో వాళ్ళకి తెలిసిన పేరు అదే కాబట్టి. మిరియాలు తెచ్చారా అని అడిగింది. అందరం నవ్వాం. నవ్వులాటే అయినా అందులో నిజం ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళ ఓడ గ్లోబ్ మన మచిలీపట్నం రేవుకి వచ్చింది 1611లో. అంటే మేఫ్లవర్ కంటే తొమ్మిదేళ్ళ ముందే. మనదగ్గరికి అద్దకపు బట్టలు కొనడానికి వచ్చిన దేశంవాళ్ళే, అటువైపు నేల దున్నుకోడానికి వెళ్ళారు. ఇక్కడికి వచ్చినవాళ్ళు మొదట వర్తకులు, పెళ్ళాం పిల్లల్ని తీసుకురాలేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఊయలతో సహా వెళ్ళారు. పెళ్ళాం పిల్లలతో, ఊయలతో వచ్చినవాడు తిరిగి వెళ్ళడానికి రాలేదని అర్థం. ఆ నేల మీద అప్పటికే ఉన్నవాళ్ళకి ఆ తేడా ఎంత ముఖ్యమో తరవాత తెలిసింది.

ఆ ఇల్లాళ్ళు నోరు మూసుకుని అన్నీ చేశారనుకోకండి. మొదట్లో ఊరంతా ఉమ్మడి సేద్యం. పంట అంతా ఒకేచోట పోసి పంచుకునేవారు. ఆడవాళ్ళు తమ ఇంటిపనే కాకుండా పెళ్ళికాని మగవాళ్ళకి కూడా వండిపెట్టాలి, బట్టలుతకాలి. ఆ ఊరి గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ రాసిన చరిత్రలో ఈ సంగతి ఉంది. పరాయివాళ్ళకి చాకిరీ చెయ్యమనడం బానిసతనంతో సమానమని ఆ ఆడవాళ్ళు అన్నారనీ, వాళ్ళ భర్తలు కూడా సహించలేకపోయారనీ రాశాడు. 1623లో ఎవరి కుటుంబానికి వాళ్ళకి భూమి పంచి, ఎవరి మొక్కజొన్న వాళ్ళు వేసుకోమన్నారు. అప్పుడు ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని తామే ఇష్టంగా పొలానికి వెళ్ళారని కూడా ఆయనే రాశాడు. ఈ కథ చెప్పి ఉమ్మడి సేద్యం మంచిదా చెడ్డదా అని మగవాళ్ళు వాదించుకుంటూనే ఉంటారు. నాకు మాత్రం అందులో వినిపించింది వేరే. వంటపని కూడా పనే, దానికీ ఓ లెక్క ఉండాలని ఆడవాళ్ళు అంత కాలం కిందటే అడిగారు, ఊరి పద్ధతి మారేదాకా అడిగారు.

ఇంతవరకూ చెప్పింది ఒక వాడ సంగతి. ఆ కంచె దాటి నదివైపు నడిస్తే రెండో వాడ వస్తుంది. అక్కడ వాంపనోగ్ జాతివాళ్ళ ఇళ్ళున్నాయి. వాటిని వెటు అంటారు. పచ్చి కొమ్మల్ని వంచి కట్టి, పైన చెట్టుబెరడు గాని, జమ్ముచాపలు గాని కప్పిన గుండ్రటి ఇళ్ళు. లోపల మధ్యలో నిప్పు, నెత్తిన పొగ పోవడానికి కంత, చుట్టూ జంతుచర్మాలు పరిచిన అరుగులు. నిజం చెప్పాలంటే ఇంగ్లీషువాళ్ళ ఇంటికంటే ఇదే వెచ్చగా, వీలుగా అనిపించింది. ఇక్కడ ఉన్నవాళ్ళు వేషం వేసినవాళ్ళు కారు. ఆ దేశపు తొలి జాతులవాళ్ళే. 1627లో ఉన్నట్టు నటించరు. ఈనాటి భాషలో, ఈనాటి మనుషులుగా మాట్లాడతారు. మేం గతించిన జాతి కాదు, ఇప్పటికీ ఉన్నాం అని చెప్పడానికే ఆ పద్ధతి.

ఒక ఇంటి ముందు చిన్న చేను ఉంది. మట్టిని గుట్టలుగా చేసి, గుట్టకి నాలుగైదు మొక్కజొన్న మొక్కలు. వాటిని పట్టుకుని పాకిన చిక్కుళ్ళు. నేలంతా కప్పుతూ గుమ్మడితీగ. చిక్కుడు నేలకి బలమిస్తుంది, గుమ్మడాకు తడి ఆరకుండా కాపాడుతుంది, మొక్కజొన్న తీగకి పందిరవుతుంది. వాళ్ళలో సేద్యం ఆడవాళ్ళ చేతుల్లోనే ఉండేది. ఎంత విత్తాలో, ఎంత దాచాలో వాళ్ళే చూసుకునేవారు. మొక్కజొన్న పిండితో చేసే జావని నసాంప్ అంటారు. అది తెలంగాణలో కాచే మక్క గటకకి చుట్టమే. ఆ మాటకొస్తే మన వంటింట్లో సగం సరుకులు ఆ ఖండంనుంచి వచ్చినవే. మొక్కజొన్న, తియ్య గుమ్మడి, ఆలుగడ్డ, టమాటా, వేరుశనగ, ఆఖరికి మన ఆవకాయలోని మిరపకాయ కూడా. మిరపా టమాటా ఈ చలిదేశంలోవి కావు, ఇంకా దక్షిణాన పుట్టినవి. అన్నీ ఆ దేశీయుల చేతుల్లో వేల ఏళ్ళు పెరిగినవే. మిరియాలే కారంగా తిన్న మన పూర్వీకులు వీళ్ళకి ఎంత రుణపడ్డారో ఆలోచించండి.

ఇప్పుడు పటక్సెట్ పేరు సంగతి. మేఫ్లవర్ జనం దిగిన చోటు ఖాళీ అడవి కాదు. అది పటక్సెట్ అనే వాంపనోగ్ ఊరు. 1616 నుంచి 1619 దాకా, అంతకుముందు వచ్చిన ఐరోపా ఓడలవెంట వచ్చిన మహమ్మారి ఒకటి ఆ తీరమంతా ఊడ్చేసింది. పటక్సెట్‌లో ఒక్క ప్రాణి మిగల్లేదు. కొత్తవాళ్ళు వచ్చేసరికి చదును చేసిన పొలాలున్నాయి, మంచినీళ్ళ వాగు ఉంది, మనుషుల్లేరు. దేవుడు తమకోసం సిద్ధంచేసి పెట్టాడనుకున్నారు.

ఒక్కడు మాత్రం మిగిలాడు. టిస్‌క్వాంటమ్ అని అతని పేరు. పుస్తకాల్లో స్క్వాంటో అంటారు. 1614లో ఒక ఇంగ్లీషు నావికుడు అతన్నీ, మరికొందర్నీ మాయచేసి ఓడెక్కించి స్పెయిన్‌లో బానిసలుగా అమ్మేశాడు. అందువల్లే అతను బతికిపోయాడు! ఎలాగో ఇంగ్లండు చేరి, భాష నేర్చి, 1619లో సొంతవూరు తిరిగొచ్చాడు. వచ్చి చూస్తే ఊరు లేదు. అమ్మా లేదు, ఆలీ లేదు. ఆ మనిషే మరుసటి సంవత్సరం తన ఊరి మట్టిలో దిగిన పరాయివాళ్ళకి, వసంతంలో వాగెక్కి వచ్చే చేపల్ని ఎరువుగా వేసి మొక్కజొన్న ఎలా పండించాలో నేర్పాడు. మనం కథల్లో దాన్ని స్నేహమని చెప్పుకుంటాం. ఆ మనిషి గుండెలో ఏముందో ఎవరు చెప్పగలరు?

1621లో మాసాసోయిట్‌కీ కొత్తవాళ్ళకీ మధ్య కుదిరిన ఒప్పందం యాభై ఏళ్ళపైన నిలిచింది. ఆ తరవాత భూమి తగాదాలు ముదిరి 1675లో యుద్ధం వచ్చింది. మాసాసోయిట్ కొడుకు మెటాకోమ్ చనిపోయాడు. మెటాకోమ్ భార్యా, చిన్నపిల్లవాడూ బందీలయ్యారు. తాత విందు తిన్న ఊరివాళ్ళే ఆ పిల్లవాణ్ణి బానిసగా అమ్మేశారు. అందుకే 1970 నుంచి వాంపనోగ్‌లూ, ఇతర జాతులవాళ్ళూ ప్రతి థాంక్స్‌గివింగ్‌నాడు ప్లిమత్‌లోనే చేరి ఆ రోజుని సంతాపదినంగా పాటిస్తున్నారు. ఒకే రోజు, ఒకే ఊరు. ఒక ఇంట పండగ, పక్క ఇంట తద్దినం. సంస్థ పేరు మార్చినంతమాత్రాన సరిపోదు, మా వాడకి దక్కాల్సిన శ్రద్ధ దక్కడం లేదని 2022లో వాంపనోగ్‌లు కొందరు గట్టిగా విమర్శించారు కూడా. రెండు వాడల్నీ పక్కపక్కన నిలబెట్టడం తేలిక. సమానంగా నిలబెట్టడం కష్టం.

ఇవన్నీ వాళ్ళకెలా తెలిశాయి అని మీకు సందేహం రావచ్చు. ఆ మొదటి ఏళ్ళ గురించి మిగిలిన రాతలన్నీ మగవాళ్ళవే. ఆడవాళ్ళ సంగతులు దొరికింది ముఖ్యంగా రెండుచోట్ల. ఒకటి, మనిషి పోయాక ఇరుగుపొరుగువాళ్ళు ఇంటికొచ్చి రాసే సామాను జాబితా. ఎన్ని కుండలు, ఎన్ని దుప్పట్లు, అతుకులేసిన పాత లంగా ఎంత చేస్తుంది అని గది గదీ తిరిగి రాసేవారు. బొమ్మల్లో వాళ్ళెప్పుడూ నల్లబట్టలే కట్టినట్టు చూపిస్తారు. ఆ జాబితాల్లో చూస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వంకాయరంగు అన్నీ ఉన్నాయి! రెండోది, చెత్తకుప్ప. పగిలిన పెంకు, విరిగిన దువ్వెన, తిని పారేసిన ఎముక, ఆల్చిప్ప. పెరట్లో పారబోసినవే వాళ్ళ భోజనమేమిటో చెబుతాయి. డీట్జ్‌గారు జీవితమంతా చెప్పింది ఇదే. ఎవరూ పట్టించుకోని చిన్న వస్తువుల్లోనే చాలామంది మనుషుల చరిత్ర ఉందని.

భాష సంగతి కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. వాంపనోగ్ భాష మాట్లాడేవాళ్ళు లేక నూరేళ్ళపైన మూగబోయింది. ఆ జాతికి చెందిన జెస్సీ లిటిల్ డో బెయిర్డ్ అనే ఆవిడ 1993లో దాన్ని తిరిగి లేపే పని మొదలుపెట్టింది. 1663లో ఆ భాషలో అచ్చయిన బైబిలూ, పాత భూమి పత్రాలూ, ఉత్తరాలూ పట్టుకుని వ్యాకరణం, నిఘంటువు కట్టుకుంటూ వచ్చింది. ఆవిడ కూతురు ఊయలలోనే ఆ భాష విని, అదే మొదటి భాషగా పెరిగింది. భాష చచ్చిపోయిందని పండితులు తేల్చినదాన్ని ఒక తల్లి జోలపాటలోకి తెచ్చింది. కాగితం మీద ఎవరో ఎప్పుడో రాసిపెట్టకపోతే ఆవిడ కూడా ఏం చెయ్యగలిగేది కాదు.

అందుకే నా మనవి ఒక్కటే. మన ఊళ్ళని మళ్ళీ కట్టి, వేషాలు వేయించి చూపించే స్తోమతు మనకి ఉండకపోవచ్చు. కానీ మన ఇంట్లో ఇంకా ఉన్న అత్తగార్ని, అమ్మని, పెద్దమ్మని కూర్చోబెట్టి అడగవచ్చు. నెలకి ఎన్ని కుంచాలు వడ్లు దంచేవారు, నీళ్ళు ఎంత దూరంనుంచి తెచ్చేవారు, పురుడు ఎవరు పోశారు, ఎంతమంది పిల్లలు పోయారు, కరువు సంవత్సరం ఏం తిన్నారు అని. ఒక నోటుబుక్కులో తేదీ వేసి, వాళ్ళ మాటల్లోనే రాయండి. పాత పచారీ పద్దుల పుస్తకం దొరికితే చిత్తుకాగితాలవాడికి వెయ్యకండి. మనతో కలిసి ఇంట్లో పనిచేసిన మనుషుల పేర్లు కూడా అందులో రాయండి. అంట్లు తోమినావిడా, బట్టలుతికినావిడా, మంత్రసానీను. మనల్ని మగవాళ్ళు రాయలేదని మనం నొచ్చుకుంటాం. వాళ్ళని మనం రాయకపోతే వాళ్ళు ఎవరిమీద నొచ్చుకోవాలి?

ఆ విందు ఉత్తరం రాసిన విన్‌స్లో చెడ్డవాడేం కాదు. పక్షుల వేట సంగతీ, ఎన్ని జింకలు వచ్చాయో శ్రద్ధగానే రాశాడు. వండిన నలుగురిలో ఒకరు ఆయన భార్యే. అడిగితే చెప్పేదే. ఆయన అడగాలనుకోలేదు, అంతే.